డిసెంబరు 28న పాప పుట్టినరోజు: కేకు తనే చేస్తానంటోంది, మొదటిది కుంగిపోయింది

వేకువపిట్ట | డిసెంబరు 7, రాత్రి 9:40

మా పాపకి ఈ నెల 28న తొమ్మిదేళ్ళు నిండుతాయి. ఆ తేదీతో మాకు ప్రతి ఏడూ ఒకటే బాధ. స్కూలుకి సెలవులు, స్నేహితులంతా ఎక్కడెక్కడికో వెళ్ళిపోయి ఉంటారు. పోయినేడు "నాకు బొమ్మలొద్దు, స్కూలున్న రోజున పుట్టినరోజు కావాలి" అని ఏడ్చింది. ఈసారి తనంతట తనే ఒక మాట అంది: "కేకు నేనే చేస్తాను, ఇంట్లో అందరూ తలో పని చెయ్యాలి." వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. సరేనన్నాను.

ఇవాళ మొదటిసారి చేసి చూశాం. ఓవెన్లో పొంగుతుంటే గంతులేసింది. 20 నిమిషాలయ్యేసరికి నడిమధ్యన గుంట పడింది. పైన మాడినట్టు రంగు. నోట్లో పెట్టుకుంటే సబ్బు తిన్నట్టుంది, చివర్లో చేదు కూడా. పాప ఏడవలేదు, కానీ ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

మేం వేసినవి: మైదా రెండు కప్పులు, పంచదార కప్పు, వెన్న సుమారు 150 గ్రాములు, గుడ్లు మూడు, పాలు అరకప్పు, సోడా రెండు చెంచాలు. వేడి 180 డిగ్రీల సెల్సియస్. ఎక్కడ తప్పాం? చేతిలో ఉన్నవి ఇంకా రెండు ఆదివారాలే.

తక్కెడ | డిసెంబరు 7, రాత్రి 10:15

మీరు రాసిన చివరి దినుసు దగ్గరే తప్పింది. అది బేకింగ్ పౌడర్ అయ్యుండాలి, మీరు వంటసోడా వేశారు. రెండూ తెల్లటి పొడులే కాబట్టి పొరపాటు పడటం సహజం.

వంటసోడా ఒట్టి క్షారం. పెరుగో నిమ్మరసమో మజ్జిగో, ఏదో ఒక పులుపు తగిలితేనే అది పూర్తిగా గ్యాసు వదులుతుంది. మీ పిండిలో పులుపే లేదు. మిగిలిపోయిన సోడా వల్లే ఆ సబ్బు రుచి, ఆ చేదు. క్షారం ఎక్కువైతే పైభాగం తొందరగా ఎర్రబడుతుంది, మీరు మాడిందనుకున్నది అదే. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి రూపంలో ఆమ్లం కూడా కలిసే ఉంటుంది. దానికి తడి, వేడి చాలు.

కప్పు మైదాకి వంటసోడా పావు చెంచా సరిపోతుంది. బేకింగ్ పౌడర్ అయితే సుమారు చెంచా. మీరు రెండు కప్పులకి రెండు చెంచాల సోడా వేశారు, అంటే నాలుగు రెట్లు. అంత గ్యాసు ఒక్కసారి పుడితే బుడగలు పెద్దవై పగిలిపోతాయి, పిండి గట్టిపడేలోపే కేకు పైభాగం కూలుతుంది. పాపకి ఇది తప్పక చెప్పండి. తన చేతి తప్పు కాదు, డబ్బా తప్పు.

పిండిచేయి | డిసెంబరు 7, రాత్రి 10:32

తక్కెడ గారన్నదే. ఇంకొక మాట, ఇంట్లో ఉన్న బేకింగ్ పౌడర్ ఎప్పటిదో చూసుకోండి అక్కా. చెంచాడు వేడినీళ్ళలో వేస్తే వెంటనే బుసబుసా నురగ రావాలి. రాకపోతే పారేయండి. సోడాని పరీక్షించాలంటే నీళ్ళు కాదు, వెనిగర్ చుక్కలు. ఈ పరీక్షలు పాపతోనే చేయించండి, పిల్లలకి భలే సరదా.

ముప్పైఒకటి | డిసెంబరు 8, ఉదయం 6:50

నాది డిసెంబరు 31. అందుకే ఆ పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు నాకు నలభై దాటాయి, అయినా మీ పాప మాట చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

చిన్నప్పుడు కొత్త సంవత్సరానికీ నాకూ కలిపి ఒకటే బహుమతి వచ్చేది. "రెండిటికీ కలిపి పెద్దది కొన్నాం" అనేవారు. పెద్దవాళ్ళకి అది లెక్క. పిల్లాడికి మాత్రం తన రోజు ఇంకెవరిదో అయిపోయినట్టుండేది. నాకు పదకొండో ఏడు వచ్చినప్పుడు మా అమ్మ ఒక పని చేసింది. ఆ రోజు పొద్దున్నే, ఇల్లంతా లేవకముందే, నన్ను ఒక్కణ్ణే లేపి వంటింట్లో కూర్చోబెట్టి "ఇవాళ ఏం వండమంటే అది వండుతా, నువ్వు పక్కన నిలబడి కలపాలి" అంది. రాత్రి అందరికీ కొత్త సంవత్సరం, పొద్దున మాత్రం నా పుట్టినరోజు. అప్పట్నుంచీ అలాగే జరిగింది.

అక్కా, ఏడాది చివరి హడావుడితో దీన్ని కలపకండి. ఆ రోజులో ఒక పూట పూర్తిగా పాపదిగా ఉంచండి. కేకు కుంగినా పరవాలేదు.

వేకువపిట్ట | డిసెంబరు 8, మధ్యాహ్నం 2:05

ముప్పైఒకటి గారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. 28 పొద్దున పూట పాపకే అని ఇంట్లో అందరం అనుకున్నాం.

తక్కెడ గారూ, డబ్బా చూశాను, మీరు చెప్పిందే నిజం. పాపకి చెప్పగానే "అయితే నాకు కేకు చెయ్యడం వచ్చు" అంది. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తాం. కొలతలు చెప్పగలరా? తను సొంతంగా గుర్తుపెట్టుకునేలా ఉండాలి.

తక్కెడ | డిసెంబరు 8, సాయంత్రం 7:20

తొమ్మిదేళ్ళ పిల్లకి గుర్తుండే కొలత ఒకటుంది. మూడు గుడ్లు పెంకుతో సహా తూకం వెయ్యండి. ఎంత వస్తే అంత బరువు మైదా, అంత వెన్న, అంత పంచదార. మామూలు గుడ్లయితే 170 గ్రాములకి అటూ ఇటూ వస్తుంది. దానికి బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చెంచాలు, చిటికెడు ఉప్పు, పిండి గట్టిగా ఉంటే రెండు మూడు చెంచాల పాలు. ఇంతే. కాగితం అక్కర్లేదు.

కప్పులు వదిలేసి తూకం పట్టుకోమని ఎందుకంటున్నానో కూడా చెబుతాను. 240 మిల్లీలీటర్ల కప్పులోకి మైదా చెంచాతో వదులుగా పోస్తే సుమారు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 140 పైనే. రెండు కప్పులకి 40 గ్రాములు ఎక్కువ పడితే కేకు గట్టిబడటానికి అది చాలు.

చలిమంట | డిసెంబరు 8, రాత్రి 8:44

ఓవెన్ లేనివాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి రాస్తున్నాను. నేను మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో స్టాండు పెట్టి, మూతపెట్టి, సన్నటి మంట మీద పది నిమిషాలు వేడెక్కాక కేకు గిన్నె లోపల పెడతాను. కుక్కరైతే విజిలూ రబ్బరూ రెండూ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. ఓవెన్ కన్నా పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. పైన ఎర్రగా రాదు, రుచికి లోటుండదు.

వేకువపిట్ట | డిసెంబరు 14, సాయంత్రం 5:30

రెండోది అయింది. సబ్బు రుచి పోయింది, గుంట లేదు. అందరం సంతోషంగా తిన్నాం. కానీ బరువుగా ఉంది, అడుగున వేలెడు మందాన ముద్ద కట్టింది. గుడ్లు వెయ్యగానే వెన్న మిశ్రమం విరిగిన పాలలా అయిపోయింది. ఇక్కడ చలి బాగా ఉంది, పొద్దున వంటింట్లో 15 డిగ్రీలు. పాప తన నోటుబుక్కులో "రెండో కేకు: రుచి 8, మెత్తదనం 4" అని మార్కులు వేసుకుంది.

పిండిచేయి | డిసెంబరు 14, సాయంత్రం 6:02

మార్కులు వేసుకునే పిల్లకి వంట తప్పక వస్తుంది, రాసిపెట్టుకోండి!

ఇది పూర్తిగా చలి పని అక్కా. వెన్న, పంచదార కలిపి గిలకొడుతున్నప్పుడు పంచదార పలుకులు వెన్నలో చిన్న చిన్న గాలిగదులు చేస్తాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, ఉన్నవాటినే ఉబ్బిస్తుంది. వెన్న గట్టిగా ఉంటే గాలి పట్టదు, కరిగిపోతే నిలవదు. 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. థర్మామీటరు లేకపోయినా వేలితో నొక్కితే తెలుస్తుంది: గుంట పడాలి, వేలికి నూనెలా అంటకూడదు. మీ వంటింట్లో 15 కాబట్టి వెన్నని చిన్న ముక్కలు చేసి, వేడినీళ్ళతో కడిగి తుడిచిన గిన్నెని దానిమీద బోర్లించండి. పది నిమిషాల్లో దారికొస్తుంది.

గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేశారు కదూ? చల్లటి గుడ్డు తగిలితే వెన్న మళ్ళీ గట్టిపడి నీళ్ళ నుంచి విడిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో పెంకుతోనే పది నిమిషాలు ఉంచండి. ఒక్కో గుడ్డే వేసి, పూర్తిగా కలిశాకే ఇంకోటి. అయినా విరిగినట్టు కనిపిస్తే కొలిచిపెట్టిన మైదాలోంచే ఒక చెంచా వెయ్యండి, సర్దుకుంటుంది. మైదా అంతా పడ్డాక మాత్రం ఎక్కువ తిప్పొద్దు, సాగుడు పుడుతుంది.

గాజుసీసా | డిసెంబరు 14, సాయంత్రం 6:40

చలికాలం వంటలో నాకు తగిలిన ఇంకో దెబ్బ. వెన్న బదులు కొబ్బరినూనె వాడదామని కరిగించి పోశాను, ఫ్రిజ్‌లోంచి పాలు తీసి పోశాను. పిండంతా రవ్వరవ్వగా గడ్డలు కట్టింది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకట్టేస్తుంది మరి. నూనె వాడేవాళ్ళు మిగతావన్నీ గోరువెచ్చగా ఉంచుకోండి.

దక్షిణపు గాలి | డిసెంబరు 15, ఉదయం 4:10

మీరంతా చలి అంటుంటే ముచ్చటేస్తోంది. నేనుండేది భూమధ్యరేఖకి కిందివైపు. మాకు డిసెంబరు అంటే నడి ఎండాకాలం, 21, 22 తేదీల్లో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు. మా బాబుది డిసెంబరు 19. మీరు వెన్న కరగట్లేదంటున్నారు, మేం వెన్న నిలవట్లేదని గిన్నె కింద మంచు పెడుతున్నాం.

మొదటి ఏడు గిలకొట్టిన క్రీముతో అలంకరించి పెరట్లో పెట్టాను. పావుగంటలో జారిపోయింది. తర్వాత చాక్లెట్‌కి మారాను. చాక్లెట్, క్రీము సమాన బరువులు: క్రీముని అంచుల్లో బుడగలు వచ్చేదాకా కాచి, తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత మధ్యలోంచి బయటికి కలుపుకుంటూ రావాలి. వేడి ప్రాంతంలో చాక్లెట్ రెండు పాళ్ళు, క్రీము ఒక పాలు. విడిగా చాక్లెట్ కరిగించేటప్పుడు ఒక్క నీటిచుక్క పడినా అది గట్టి ముద్దయిపోతుంది, గిన్నె, గరిటె రెండూ పొడిగా ఉండాలి.

మీకు చలి కాబట్టి గిలకొట్టిన క్రీము హాయిగా చేసుకోవచ్చు. కొవ్వు 30 శాతానికి పైన ఉన్నదే తీసుకోండి, తక్కువుంటే ఎంత గిలకొట్టినా నిలబడదు.

వేకువపిట్ట | డిసెంబరు 15, రాత్రి 9:15

ఇంకో మూడు ప్రశ్నలు. మా మామగారికి షుగరు ఉంది, ఆయన తినేలా తేనెతో చెయ్యొచ్చా? ఆ రోజు మా ఆడపడుచు ఎనిమిది నెలల పాపాయితో వస్తోంది, తనకీ ఓ ముక్క పెట్టొచ్చా? మా తోడికోడలు గుడ్డు తినదు. ఒకే కేకు అందరికీ కుదురుతుందా?

తక్కెడ | డిసెంబరు 15, రాత్రి 9:58

పాపాయి సంగతి ముందు: ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు. ఓవెన్లో కాలిన వంటలో కలిసినదైనా సరే. తేనెలో బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాణువులు ఉండవచ్చు, అవి మామూలు వంట వేడికి చావవు. అంత చిన్న పేగుల్లో అవి పెరుగుతాయి. ఇందులో సర్దుబాటు లేదు. మెత్తగా నలిపిన పండు పెట్టండి, బల్ల దగ్గర కూర్చోబెట్టండి, తనూ విందులో ఉన్నట్టే.

మామగారికి తేనె వల్ల ఒరిగేదేమీ ఉండదు. తేనె కూడా చక్కెరే, రక్తంలో చక్కెరని అదీ పెంచుతుంది. ఆయన డాక్టరు ఎంత తినవచ్చన్నారో అంత చిన్న ముక్క, భోజనంతో పాటు లెక్కలో పెట్టుకుని తినడమే మేలు. కేకులో పంచదార తగ్గించాలంటే నాలుగో వంతు దాకా నేను తగ్గించి చూశాను, నిలబడింది. అంతకు మించి తగ్గిస్తే పొడిబారింది. పంచదార తీపికే కాదు, తడి పట్టి ఉంచడానికీ గాలి పట్టడానికీ కావాలి.

గుడ్డు లేనిది వేరే చిన్నది చెయ్యండి. ఒక్కో గుడ్డుకి పావు కప్పు పెరుగు, పెరుగు పులుపుంటుంది కాబట్టి పావు చెంచా వంటసోడా. మొదటి రోజు మిమ్మల్ని ఏడిపించిన సోడా ఇక్కడ పనికొస్తుంది! ఒకే కేకుతో అందరినీ సంతోషపెట్టాలని చూస్తే ఎవరికీ రుచిగా రాదు, ఇది నా అనుభవం.

ముప్పైఒకటి | డిసెంబరు 16, ఉదయం 7:10

ఒక్క కేకేనా? పొద్దున పూట పాపది అన్నారుగా, బ్రెడ్ కూడా చేయించండి. మా ఇంట్లో పుట్టినరోజుకి ఎన్నేళ్ళు నిండితే ఆ అంకె ఆకారంలో బ్రెడ్ చేస్తాం. మా అమ్మాయి ఎనిమిదో ఏట 8 చేశాం.

పిండిచేయి | డిసెంబరు 16, ఉదయం 8:25

భలే ఉంది! 9 చేసేటప్పుడు ఒక జాగ్రత్త. పిండి పొంగినప్పుడు గుండ్రటి భాగంలో ఖాళీ పూడుకుపోతుంది. వెన్న రాసిన చిన్న స్టీలు గిన్నెని ఆ ఖాళీలో పెట్టి కాల్చండి.

ఈస్ట్‌కి నీళ్ళు గోరువెచ్చగా, 35 నుంచి 40 డిగ్రీల మధ్య. మరిగేవి పోస్తే చచ్చిపోతుంది, 60 దాటితే ఇక బతకదు. వంటింట్లో 15 డిగ్రీలంటే గంటలో రెట్టింపవ్వాల్సిన పిండికి మూడు గంటలు కూడా పట్టచ్చు. గడియారం చూడకండి, పిండినే చూడండి. ఆపేసి ఉన్న ఓవెన్లో పిండిగిన్నె, పక్కన వేడినీళ్ళ గిన్నె పెట్టి తలుపు మూస్తే వెచ్చగా ఉంటుంది. లేదంటే ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయండి, నిదానంగా పొంగిన పిండికి రుచి ఇంకా ఎక్కువ.

వేకువపిట్ట | డిసెంబరు 21, సాయంత్రం 4:50

మూడోది! మెత్తదనానికి పాప 9 వేసుకుంది. "10 ఎందుకు వెయ్యలేదే?" అంటే "అది పుట్టినరోజుకి" అంది.

ఒక్కటే లోటు, పల్చగా వచ్చింది. 8 అంగుళాల గిన్నెలో పోశాం. 6 అంగుళాలది కూడా ఉంది, అందులో పడుతుందా?

తక్కెడ | డిసెంబరు 21, సాయంత్రం 5:15

6 ఆరులు 36, 8 ఎనిమిదులు 64. గుండ్రటి గిన్నెల్లో చోటు ఆ లెక్కన పెరుగుతుంది, అంటే పెద్దది చిన్నదానికి దాదాపు 1.8 రెట్లు. అడ్డంగా రెండు అంగుళాలే తేడా అనిపిస్తుంది గానీ లోపల దాదాపు సగం తేడా. మీ పిండి మొత్తం 6లో పోస్తే పొర్లిపోతుంది. సగానికి కాస్త పైదాకా పోసి, మిగిలింది రెండో వాయిగా అదే గిన్నెలో కాల్చండి. రెండు అంతస్తుల కేకు అవుతుంది.

వేకువపిట్ట | డిసెంబరు 21, రాత్రి 8:30

పాప నమ్మలేదు. రెండు గిన్నెల్లోనూ గ్లాసుతో నీళ్ళు పోసి లెక్కపెట్టింది. చిన్నదానికి నాలుగు, పెద్దదానికి ఏడు. "తక్కెడ తాతగారు కరెక్ట్" అంది (మీ వయసెంతో మాకు తెలీదు, తనే తాతని చేసేసింది).

చలిమంట | డిసెంబరు 22, ఉదయం 10:05

కొవ్వొత్తుల గురించి ఒక మాట. 2017లో అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగం చేస్తే, కొవ్వొత్తులు ఊదిన ఐసింగ్ మీద ఊదనిదానికన్నా బ్యాక్టీరియా 1400 శాతం ఎక్కువ కనిపించింది. భయపడాల్సినంత కాదు గానీ, ఇంట్లో ఎవరికైనా జలుబుంటే కొవ్వొత్తులు ఒక చిన్న కప్పుకేకు మీద పెట్టి పాపకిచ్చేయండి. అది తనొక్కతే తింటుంది, పెద్ద కేకు అందరిదీ.

పిండిచేయి | డిసెంబరు 23, రాత్రి 9:00

అక్కా, పాప స్నేహితులు ఊళ్ళో ఉండరన్నారు కదా. నాకొకటి తోచింది. క్రీము పెట్టని కేకు ఫ్రీజర్లో రెండు మూడు నెలలు బాగుంటుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, ఒక్కోదాన్నీ గాలి చొరబడకుండా చుట్టి, పైన ఇంకో సంచిలో పెట్టండి. స్కూలు తెరిచాక బయటికి తీసి, చుట్టిన కవరు విప్పకుండానే కరగనివ్వండి. అప్పుడు తేమ కవరు మీద పడుతుంది, కేకు మీద కాదు.

వేకువపిట్ట | డిసెంబరు 28, రాత్రి 11:20

అయింది. అందరూ పడుకున్నారు, నాకు నిద్ర రావట్లేదు.

పొద్దున ఆరింటికి తనే వచ్చి నన్ను లేపింది. పిండి రాత్రే కలిపి పెట్టాం. వాళ్ళ నాన్న పిసికారు, తాతయ్య 9 ఆకారం చుట్టారు, నానమ్మ గిన్నెకి వెన్న రాసింది. మా ఆయన పదేళ్ళలో వంటింట్లో అంతసేపు నిలబడటం ఇదే మొదలు. తోక కొంచెం లావైంది, కానీ ఖాళీ పూడలేదు. వేడి బ్రెడ్డు విరిచి వెన్న రాసుకుని అందరం నిలబడే తినేశాం, ఎవరికీ బల్ల దాకా వెళ్ళే ఓపిక లేదు.

కేకు మధ్యాహ్నం. గుడ్లు వెచ్చటి నీళ్ళలో పెట్టడం, వెన్నని వేలితో నొక్కి చూడటం, తూకం, అన్నీ తనే. నేను ఓవెన్ తలుపు తెరిచి మూశానంతే. రెండో వాయి ఒకపక్కకి ఒరిగింది. నేను కత్తితో సరిచేయబోతే "వద్దమ్మా, అలాగే ఉండనీ" అంది. ఒరిగినవైపు క్రీము ఎక్కువ పెట్టి తనే నిలబెట్టింది. మామగారు చిన్న ముక్క తీసుకుని పావుగంట తిన్నారు. గుడ్డు లేని కేకు మా తోడికోడలికని చేస్తే సగం మిగతావాళ్ళే తినేశారు.

నోటుబుక్కులో చూశాను. "నాలుగో కేకు: రుచి 10, మెత్తదనం 10, ఒరగడం 10" అని రాసుకుంది.

ఫ్రీజర్లో తొమ్మిది ముక్కలు ఉన్నాయి, ఒక్కోదాని మీదా ఒక్కో స్నేహితురాలి పేరు.

ముప్పైఒకటి | డిసెంబరు 31, ఉదయం 6:15

పొద్దున్నే లేచాను. ఇవాళ మా అమ్మకి వంటింట్లో నేను చేసిపెడుతున్నాను, ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని కలుపుతోంది. మీ పాప బ్రెడ్ గురించి చెప్పాను. "తోక లావైతే ఏం, బాగా పొంగిందన్నమాట" అంది.

వేకువపిట్ట | జనవరి 6, సాయంత్రం 5:40

ముక్కలు ఇవాళ స్కూలుకి వెళ్ళాయి. డబ్బా ఖాళీగా వచ్చింది. కింద రాసింది పాప, నేను ముట్టుకోలేదు.

అందరికీ థాంక్యూ. తక్కెడ తాతగారూ, వచ్చేసారి నాకు 10 వస్తుంది. 1 సులువే. సున్నా మధ్యలో ఎంత పెద్ద గిన్నె పెట్టాలి?

తక్కెడ | జనవరి 6, రాత్రి 8:05

తల్లీ, నీ 9కి పెట్టిన గిన్నె కన్నా కొంచెం పెద్దది. ముందు ఒక ఆదివారం చిన్న సున్నా చేసి చూసి, మార్కులెన్నో నాకు రాయి.